పక్కవాడి కంప్యూటర్ కూడా లెక్కలోకే వస్తుంది

కొత్త ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ ట్రైలర్ ఏదైనా బయటికొచ్చిందంటే మా గ్రూపులో మొదటి మెసేజ్ ఆ లింకు, రెండోది "అన్నా, నా దాంట్లో లాగుద్దా?" కథేంటి, పాత్రల్లో ఏ క్లాసులున్నాయి, ఫైటింగ్ ఎట్లా ఉంటది అన్న కబుర్లన్నీ ఆ తర్వాతే. గుంటూరులో మధ్యతరగతి ఇంట్లో గేమింగ్ ల్యాప్‌టాప్ అనేది ఒక్కసారి దక్కే వరం. బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చినదాన్నే ఉద్యోగం వచ్చేదాకా ఈడ్చుకు రావాలి. అందుకే ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను, తెలిసినంతలో జవాబు చెబుతూనే ఉంటాను. కాకపోతే అందులో అడగాల్సినదాంట్లో సగమే ఉంది. ఒంటరిగా ఆడుకునే గేమ్‌కి నా సిస్టం లాగితే చాలు. వేలమంది ఒకే లోకంలో తిరిగే గేమ్‌కి, అంటే ఎమ్మెమ్మోకి, నాదొక్కటే లాగితే ఏం లాభం? నాతోపాటు ఆ ఊళ్ళో తిరగాల్సినవాళ్ళవీ లాగాలి. లాగకపోతే వాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే లక్ష పోసి కొన్న మిషన్ మీద నాకు ఖాళీ ఊరు మహా అందంగా కనిపిస్తుంది.

ఎదురుచూడ్డానికి ప్రస్తుతం సరుకు బానే ఉంది. అయాన్ 2ని కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ 2025 నవంబర్ 19న కొరియా, తైవాన్‌లలో విడుదల చేసింది. మిగతా దేశాలకి 2026లో తెస్తామంది. అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద కట్టిన గేమ్, పీసీలోనూ ఫోన్‌లోనూ నడుస్తుంది. హలో గేమ్స్ వాళ్ళ లైట్ నో ఫైర్‌ని 2023 డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్ వేదిక మీద చూపించారు. భూమంత గ్రహం మొత్తం ఆడుకోడానికే అన్నారు, ఎప్పుడొస్తుందో మాత్రం అనలేదు. ఇక రయట్ అనే గేమ్ కంపెనీ వాళ్ళు 2020 డిసెంబర్‌లో ప్రకటించిన ఎమ్మెమ్మోని మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టామని, కొన్నేళ్ళు నోరు విప్పబోమని 2024 మార్చిలో చెప్పేశారు. మొదటిది చేతికందే దూరంలో ఉంది. మూడోది మా గ్రూపులో వాళ్ళకి పెళ్ళిళ్ళయి, పిల్లల్ని బళ్ళో వేసే టైముకి వస్తుందేమో. అయినా ఈ మూడింటి పేర్లు చెప్పి ఇప్పట్నుంచే సిస్టం మార్చాలని తహతహలాడేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

గేమ్ అమ్మే స్టోర్ పేజీ అడుగున ఒక పట్టిక ఉంటుంది. కనీసం ఈ ప్రాసెసర్, బొమ్మలు గీసే ఈ గ్రాఫిక్స్ కార్డు, ఇంత ర్యామ్ అని ఒక వరస, ఇవైతే మంచిదని ఇంకో వరస. ఒంటరి గేములకి ఆ పట్టికని నమ్మొచ్చు. ఏ గదిలో ఎంతమంది శత్రువులుండాలో, ఏ కిటికీలోంచి ఎంత దూరం కనపడాలో అక్కడ డిజైనరే తేలుస్తాడు. బరువెక్కువైందనుకుంటే ఇద్దర్ని తీసేస్తాడు. ఎమ్మెమ్మోలో ఆ వీలు లేదు. రాత్రి తొమ్మిదింటికి గేమ్‌లోని బ్యాంకు ముందు ఎంతమంది పోగవుతారో, వాళ్ళలో ఎంతమంది మెరిసే రెక్కలు తగిలించుకొని డ్రాగన్ల మీద దిగుతారో తయారు చేసినవాడికే తెలీదు. అలాంటి గేమ్‌కి పట్టిక చూసి సిస్టం అంచనా వేయడమంటే, పొద్దున్నే ఖాళీ కల్యాణ మండపంలోకెళ్ళి ఏసీ బ్రహ్మాండంగా ఉందని అడ్వాన్సు ఇచ్చి రావడమే. ముహూర్తం టైముకి తెలుస్తుంది దాని సంగతి.

మా పిన్ని కొడుక్కి ఈ విషయం వాడి ల్యాప్‌టాప్ మీదే చూపించాను. ఆర్‌టీఎక్స్ 4050 కార్డు, 16 జీబీ ర్యామ్, అది కూడా ఒకటే స్టిక్. వాడు చాలాకాలంగా ఆడుతున్న ఎమ్మెమ్మో ఒకటుంది. తెర మూలన అంకెలు కనపడేలా పెట్టించి అడవిలో నడవమన్నాను. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క, తొంభై దగ్గర ఆడుతోంది, కార్డు నూటికి తొంభై ఏడు పాళ్ళు పనిలో ఉంది. అక్కణ్ణుంచి రాజధాని నడిబొడ్డుకి రమ్మన్నాను. వేలంపాట సెంటర్ మెట్లెక్కేసరికి ఎఫ్‌పీఎస్ ఇరవై ఎనిమిదికి పడింది, చుట్టూ ఉన్న జనం కుదుపులు కుదుపులుగా కదులుతున్నారు. "కార్డు చాలట్లేదన్నయ్యా, మార్చాల్సిందే" అన్నాడు. కార్డు పక్కన అంకె చూడరా అన్నాను. నలభై ఒకటి. సగం పైన ఖాళీగానే కూర్చుంది. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల్ని, అంటే కోర్లని, ఒక్కోటీ చూపిస్తే అందులో ఒక్కటి మాత్రం అంచుదాకా నిండిపోయింది, మిగతావి తీరుబడిగా ఉన్నాయి. వాడు కాసేపు నమ్మలేదు. గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ అట్టడుగుకి దించి మళ్ళీ చూశాడు. ముప్ఫై ఒకటి. బొమ్మ వికారంగా తయారైంది గానీ వేగం పెరగలేదు.

దానికి కారణం ఇదీ. మన పక్కకి ఇంకో ఆటగాడు నడిచొచ్చిన ప్రతిసారీ మన ప్రాసెసర్‌కి చాకిరీ మొదలవుతుంది. సర్వర్ నుంచి వచ్చిన కబురు విప్పుకోవాలి. అతని కవచమేంటో, దానికేసిన రంగేంటో, చేతిలో కత్తేంటో చూసి ఆ ఫైళ్ళు డిస్కులోంచి తెప్పించాలి. కాళ్ళూ చేతులూ ఎలా కదలాలో లెక్కేయాలి. నెత్తి మీద పేరు రాయాలి. అప్పుడు "ఇదిగో, దీన్ని గీయి" అని కార్డుకి ఆజ్ఞలివ్వాలి. ఒకే రకం చెట్లు వందుంటే ఒక్క ఆజ్ఞతో అన్నీ గీయించొచ్చు. వందమంది మనుషులైతే వంద రకాలు, ఎవడి సోకు వాడిది. ఈ పనుల్లో చాలాభాగం ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే కోరు మీద నడుస్తాయి, ఎనిమిది కోర్లున్నాయి కదాని ఎనిమిదికీ సమానంగా పంచడం కుదరదు. ఏఎండీ వాళ్ళు 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి ఎమ్మెమ్మోలు ఆడేవాళ్ళలో అంత పేరు రావడం కూడా ఇందువల్లే. అందులో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 96 ఎంబీ ఉంది. ఇంతమంది వివరాల కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా పరిగెత్తే పని చాలావరకు తప్పుతుంది. కానీ గుంటూరు అరండల్‌పేటలో అడిగినా, బెజవాడ గవర్నర్‌పేటలో అడిగినా కౌంటర్ వెనకాయన ముందుగా అడిగేది "కార్డు ఎంతలో చూద్దాం సార్" అనే. డబ్బులన్నీ కార్డులో పోసి, ప్రాసెసర్ దగ్గర చెయ్యి బిగబట్టిన డబ్బాలు నేను చాలానే విప్పాను.

ఇప్పుడు అసలు వాదనకొస్తాను. బరువైన గేమ్ చేస్తే నష్టం కొనలేనివాడికే అనుకుంటాం. కొనగలిగినవాడికీ నష్టమే. దీనికి 2004 నవంబర్ కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. ఆ ఒక్క నెలలోనే రెండు పెద్ద ఎమ్మెమ్మోలు వచ్చాయి. ముందు ఎవర్‌క్వెస్ట్ 2, రెండు వారాలు తిరిగేసరికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఎవర్‌క్వెస్ట్ 2 వాళ్ళు రేపటి కంప్యూటర్ల కోసం గేమ్ చేశారు. అత్యధిక గ్రాఫిక్స్ పెడితే ఆ రోజు మార్కెట్లో ఉన్న ఏ మిషనూ మోయలేదు. ప్రాసెసర్ వేగం ఏటా పెరిగినట్టే పెరుగుతుందని, రెండేళ్ళలో జనమంతా అక్కడికి చేరతారని వాళ్ళ ధీమా. జరిగింది వేరు. ఆ గేమ్ రావడానికి ముందు నెలలోనే, అంటే 2004 అక్టోబర్‌లో, ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని రద్దు చేసుకుంది. వేగం పెంచడం మానేసి కోర్లు పెంచడం వైపు తిరిగింది పరిశ్రమ. ఒకే కోరుని నమ్ముకున్న గేమ్ నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

వార్‌క్రాఫ్ట్ వాళ్ళు అడిగిందెంత? 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ కార్డు. అప్పటికే పాతబడిన సరుకు. తక్కువ కోణాలతో పెద్ద పెద్ద భుజాలున్న బొమ్మలు, చేత్తో రంగులేసినట్టుండే గోడలు. "కార్టూన్‌లా ఉంది" అని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. 2010 అక్టోబర్ నాటికి దానికి చందా కట్టి ఆడేవాళ్ళు 1 కోటి 20 లక్షలు. ఎవర్‌క్వెస్ట్ 2 దాని దరిదాపులకి కూడా రాలేదు. తేలికగా ఉండటం ఒక్కటే గెలిపించిందని నేననను. వార్‌క్రాఫ్ట్ పేరు అప్పటికే జనానికి తెలుసు, ఒంటరిగా ఆడినా ముందుకెళ్ళేలా కట్టారు, ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఇలాంటి లోకం బతికేది దుకాణం పెట్టేవాడు, గిల్డు (ఆటగాళ్ళ జట్టు) నడిపేవాడు, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పేవాడు ఉంటేనే. వాళ్ళలో చాలామంది ఆఫీసు కంప్యూటర్ లాంటి డొక్కు మిషన్ మీద ఆడేవాళ్ళే. గుమ్మం దగ్గరే వాళ్ళని ఆపేస్తే లోపలున్నవాడికి ఎవరితో పొద్దుపోతుంది?

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. ఫైనల్ ఫాంటసీ 14 మొదటిసారి 2010 సెప్టెంబర్‌లో వచ్చి ఘోరంగా దెబ్బతింది. కంపెనీ క్షమాపణ చెప్పింది, నెల చందా వసూలు చేయడం కూడా ఆపేసింది. దాన్ని చక్కదిద్దడానికి వచ్చిన నవోకి యోషిదా ఆ తర్వాత 2014లో డెవలపర్ల సదస్సులో ఒక పూలకుండీ సంగతి చెప్పాడు. ఊళ్ళో అలంకారానికి పెట్టిన ఆ కుండీలో సుమారు వెయ్యి పాలిగన్లు (బొమ్మని కట్టే చిన్న ముక్కలు), 150 లైన్ల షేడర్ కోడ్ (వెలుగు, రంగు ఎలా పడాలో చెప్పేది) ఉన్నాయట. ఒక ఆటగాడి బొమ్మకీ అంతే. అంటే మిషన్ దృష్టిలో కుండీ, మనిషి ఒకటే బరువు. గేమ్‌లో చెప్పుకోడానికి చాలా లోపాలున్నా నాకు తప్పంతా ఈ కుండీలోనే కనిపిస్తుంది. మనుషుల కోసం దాచాల్సిన శక్తినంతా సామాన్లకి తగలేశారు. తర్వాత వాళ్ళు చేసిన పని చరిత్రలో అరుదు. 2012 నవంబర్‌లో పాత గేమ్‌ని మూసేసి, కథలో దాని మీదికి ఆకాశం నుంచి ఒక గోళాన్ని పడేసి లోకాన్నే నాశనం చేశారు. మళ్ళీ కట్టి 2013 ఆగస్టులో తెరిచారు. రెండోసారి అదే గేమ్ మొత్తం కలిపి 512 ఎంబీ మెమరీ ఉన్న ప్లేస్టేషన్ 3 మీద కూడా నడిచింది. ఇవాళ్టికీ నడుస్తున్న పెద్ద ఎమ్మెమ్మోల్లో అదొకటి.

అప్పట్నుంచీ వాళ్ళకో అలవాటుంది. పెద్ద ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి కొత్తగా చేర్చే భాగం) వచ్చేముందు బెంచ్‌మార్క్ ప్రోగ్రాం ఒకటి ఉచితంగా వదులుతారు. 2024లో డాన్‌ట్రెయిల్ అనే ఎక్స్‌పాన్షన్‌కి ఏప్రిల్‌లోనే ఇచ్చారు. మొహాలు బాగా లేవని ఆటగాళ్ళు గోల పెడితే మేలో సరిదిద్ది మళ్ళీ ఇచ్చారు. డౌన్‌లోడ్ చేసుకొని మన మిషన్ మీద నడిపితే ఎంత లాగుతుందో అదే చెప్తుంది. నిజమైన రద్దీ అందులోనూ ఉండదు, ముందే కూర్చిన సీన్లే. అయినా రూపాయి ఖర్చు పెట్టకముందే మన సిస్టంతో మనం తేల్చుకునే అవకాశం. ప్రతి కంపెనీ ఈపాటి పని చేయొచ్చు. నేనైతే ఇంకొంచెం అడుగుతాను. వందమంది ఆటగాళ్ళు ఒకచోట ఉన్నప్పుడు ఫలానా ప్రాసెసర్ మీద ఎన్ని ఎఫ్‌పీఎస్ వస్తాయో పట్టికలో ఒక్క వరస రాయండి. ఆ లెక్క వాళ్ళ దగ్గర ఉండకుండా ఉండదు. రాయరు. ట్రైలర్‌లో కోట ముట్టడి చూపించిన కంపెనీకి ఆ అంకె పక్కన పెట్టుకోవాలంటే సిగ్గు.

ముట్టడి అంటే గుర్తొచ్చింది. మొదటి అయాన్‌లో కోటల కోసం వందలమంది కొట్టుకునేవారు, అదే దాని ఘనత. ఆ యుద్ధాలకి పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పే మొదటి విద్య షిఫ్ట్, ఎఫ్12 కలిపి నొక్కడం. నొక్కితే మిగతా ఆటగాళ్ళంతా తెర మీంచి మాయం. వందలమంది ఉన్న యుద్ధంలో ఎవరూ కనపడకుండా నడిచి, అవసరమైనప్పుడు మళ్ళీ నొక్కి చూసుకునేవారు. దీనికి నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలీదు. జనాన్ని చూపించి గేమ్ అమ్మారు, జనాన్ని దాచేస్తే తప్ప అది నడవలేదు. మిగతావాళ్ళూ ఏదో ఒక దారి వెతుక్కున్నారు. గిల్డ్ వార్స్ 2లో ఎంతమంది బొమ్మలు కనపడాలో సెట్టింగ్ ఉంది, మిగిలినవాళ్ళని చూపించదు. ఈవ్ ఆన్‌లైన్ వాళ్ళది ఇంకో పద్ధతి, అది సర్వర్ వైపు సంగతి. జనం మరీ ఎక్కువైతే సర్వర్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది, అవసరమైతే పదో వంతు వేగానికి. 2014 జనవరిలో ఆ గేమ్‌లోని బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన యుద్ధం అలాగే దాదాపు 21 గంటలు సాగింది. నాకీ పద్ధతే నచ్చుతుంది. ఎవర్నీ దాచలేదు, ఎవర్నీ బయటికి నెట్టలేదు, అందరికీ ఒకేలా నెమ్మది.

ఈ బరువు గేముల్లో చాలావరకు కొరియా నుంచి వస్తాయి, అక్కడి పరిస్థితి వేరు. 1997-98 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ పీసీ బాంగ్‌లు, అంటే గేములాడే నెట్ సెంటర్లు, వీధివీధినా వెలిశాయి. లీనియేజ్ అనే ఎమ్మెమ్మో 1998లో వచ్చి వాటి మీదే పెరిగింది. ఇంట్లో డొక్కు మిషన్ ఉన్న కుర్రాడు కూడా గంటకింతని కట్టి మంచి సిస్టం మీద ఆడేవాడు, ఇవాళ్టికీ ఆడతాడు. అక్కణ్ణుంచి ఆడితే అదనపు బహుమతులు కూడా ఇస్తాయి కంపెనీలు. మన దగ్గర కూడా నెట్ సెంటర్లుండేవి. బ్రాడీపేట లైన్లలో చెక్కగదులు కట్టి, కర్టెన్లు వేసి నడిపిన ఆ సెంటర్లలోనే మా తరం మౌస్ పట్టుకోవడం నేర్చింది. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికొచ్చి, ఆ గంటలో మిగిలిన పావుగంట గేమ్ ఆడి వెళ్ళేవాళ్ళం. ఫోన్లలోకి డేటా వచ్చాక అవి ఒక్కోటీ జెరాక్సు షాపులైపోయాయి. విజయవాడలో గేమింగ్ కేఫ్‌లు ఒకటీ అరా ఉన్నా అక్కడ నడిచేది అరగంటలో తేలిపోయే షూటింగ్ గేములే. ఏళ్ళ తరబడి ఒకే పాత్రని పెంచుకునే గేమ్‌ని గంట లెక్కన ఎవడాడతాడు? కొరియావాడి పట్టిక వెనక పక్క వీధిలో పీసీ బాంగ్ ఉంది. అదే పట్టిక గుంటూరు వచ్చేసరికి పూర్తిగా నాన్న జేబు మీద పడుతుంది. ఆ నాన్నేమో "ఆన్‌లైన్ గేములు గవర్నమెంటు బ్యాన్ చేసిందిగా" అంటాడు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది డబ్బులు పెట్టి ఆడేవాటిని, రమ్మీ బాపతు. ఆ తేడా భోజనాల దగ్గర చెప్పి ఒప్పించడం ఏ గేమ్‌లోని బాస్ ఫైట్ కన్నా కష్టమే.

ఇక పట్టిక చెప్పని స్థానిక బాధలు. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4050 అన్న పేరుకి అర్థం ఒక్కటి కాదు. అదే చిప్పుని 35 వాట్లకి బిగించి సన్నటి మిషన్‌లో పెట్టొచ్చు, 115 వాట్లదాకా వదిలి మందపాటిదాంట్లోనూ పెట్టొచ్చు. రెండిటి మీదా స్టిక్కరు ఒకటే. స్టోర్ పట్టికలో పేరే ఉంటుంది, వాట్లుండవు. షాపులో అడిగితే "4050 అంటే 4050యే సార్" అంటారు. కంపెనీ సైటులో ఆ మోడల్ నంబరు కొట్టి, స్పెసిఫికేషన్ల అడుగున చిన్నక్షరాల్లో ఉన్న ఆ వాట్ల అంకె చూడందే కొనొద్దని ఎవరడిగినా చెబుతున్నాను.

ఆ తర్వాత ఎండ. రెంటచింతలని పక్కన పెట్టుకున్నవాళ్ళం, ఎండ గురించి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మిషన్లకి మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్యాను చేయగలిగిందల్లా చిప్పు వేడిని గదిలోకి నెట్టడమే. గది 24 డిగ్రీలున్నప్పుడు 80కి ఆగే చిప్పు, అదే పనికి 38 డిగ్రీల గదిలో ఇంచుమించు 94కి చేరుతుంది. ఆ దరిదాపుల్లో ల్యాప్‌టాప్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేస్తుంది. రివ్యూలు చేసేవాళ్ళు ఏసీ గదిలో కూర్చుని చేస్తారు. మేడ మీద గదిలో, సాయంత్రం ఏడింటికి కూడా సెగలు కక్కే స్లాబు కింద కూర్చున్నవాడికి ఆ అంకెలు రావు. మే నెలలో మా తమ్ముడి 4050 ఒక మెట్టు కింది కార్డులా తయారవుతుంది. టేబుల్ ఫ్యాను పక్కన పెడితే కొంత నయం, అడుగున రెండు ఎరేజర్లు పెట్టి వెనకభాగం లేపితే ఇంకొంచెం నయం. మిషన్ కోసం ఏసీ వేస్తే బిల్లు చూసి పెద్దాళ్ళు గేమ్‌ని బ్యాన్ చేస్తారు, చట్టంతో పనిలేకుండా.

పింగ్, అంటే మన కబురు సర్వర్‌కి వెళ్ళి తిరిగొచ్చే సమయం, గురించి ఎక్కువ చెప్పను, అది మన చేతుల్లో లేదు. గుంటూరు నుంచి చెన్నై నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సముద్రం అడుగున సింగపూర్ దాదాపు మూడు వేలు. ఫైబర్‌లో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి పోను రాను 34 మిల్లీసెకన్లు ప్రకృతి తీసుకునే వాటా. మధ్యలో ఉన్న రౌటర్లన్నీ తలో చెయ్యి వేసుకుంటాయి. సర్వర్ సియోల్‌లో ఉంటే అంతకు రెట్టింపు పైమాటే. ఏ కార్డు కొన్నా ఇది తగ్గదు.

ర్యామ్ సంగతి మాత్రం కడుపు మంట. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఎగబాకడం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే మామూలు జనానికొచ్చే స్టిక్కులు కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటాయి. 2025 డిసెంబర్‌లో మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండుతో జనానికి అమ్మే వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు ప్రకటించింది. మన దగ్గర ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఒకే స్టిక్ పెట్టి అమ్ముతారు, రెండో స్లాటు ఖాళీ. ఆ ఖాళీలో ఇంకోటి పెడితే మెమరీ రెండు దారుల్లో నడిచి ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది, రద్దీలో ఎఫ్‌పీఎస్ మరీ అడుగంటకుండా కాస్త నిలబడుతుంది. ఎమ్మెమ్మో ఆడేవాడికి తక్కువ ఖర్చులో అయ్యే మేలు అదొక్కటే ఉండేది. ఇప్పుడదీ ఖరీదైంది.

మా గ్రూపులో ఒకడు నాతో ఎప్పుడూ తగాదా పడతాడు. "నీ లెక్కన అందరూ 2004 బొమ్మలే గీసుకుంటూ కూర్చోవాలా? కొత్త గేమ్ కొత్తగా కనపడకపోతే కొనడం దేనికి?" అంటాడు. వాడి మాటలో బలం ఉంది. అందం చూసే మనం మొదట ఆగుతాం, నేనూ అంతే. వాడు న్యూ వరల్డ్ పేరు కూడా తీస్తాడు. అమెజాన్ వాళ్ళది, 2021 సెప్టెంబర్‌లో వచ్చింది, అడవులు చూస్తే దిగి నడవాలనిపించేది. పీసీ గేములమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఒకేసారి 9 లక్షలమందికి పైగా ఆడారు. దానికి ముందు జులైలో బీటా (విడుదలకి ముందు పరీక్ష) నడుస్తున్నప్పుడు ఖరీదైన ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు కొన్ని మాడిపోయి వార్తలకెక్కింది కూడా. మెనూ తెర హద్దు లేకుండా ఫ్రేములు గీయించడం, ఒక కంపెనీ కార్డుల్లో టంకం సరిగా లేకపోవడం, రెండూ కలిసి చేసిన పని. ఆ గేమ్ ఖాళీ అవడానికి కారణం బరువు కాదు, చేయడానికి పనుల్లేకపోవడం. 2025 అక్టోబర్‌లో ఇక కొత్త కంటెంట్ రాదని ప్రకటించేశారు. కాబట్టి తేలికగా ఉన్నవన్నీ బతుకుతాయని, బరువైనవన్నీ పోతాయని నేననడం లేదు. 9 లక్షలమంది వచ్చి వెళ్ళిపోయిన చోట లోపం వేరే ఉంది. రాకముందే గుమ్మంలో ఆగిపోయినవాళ్ళ లెక్క మాత్రం ఎక్కడా రాయరు, నా బాధ వాళ్ళ గురించి.

ఇదేదో గుంటూరు పేదరికం అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. అప్పటికి అన్నిటికన్నా పైనున్న కార్డు ఆర్‌టీఎక్స్ 4090 వచ్చింది 2022 అక్టోబర్‌లో. ఆ ఏడాది చివర స్టీమ్ సర్వేలో ప్రపంచం మొత్తం మీద ఎక్కువమంది వాడుతున్న కార్డు జీటీఎక్స్ 1650. నాలుగు జీబీల చిన్న కార్డు. రివ్యూలన్నీ ఒక వైపుంటే జనం అంతా ఇంకో వైపున్నారు.

తేలికగా చేయడమంటే వికారంగా చేయడం కాదని చేసి చూపించినవాళ్ళున్నారు. ఆల్బియన్ ఆన్‌లైన్ 2021 జూన్ నుంచి ఫోన్లలో కూడా నడుస్తోంది. పీసీవాడు, ఫోన్‌వాడు ఒకే లోకంలో ఒకే సంతలో బేరాలాడతారు. 2023లో ఆసియాకి సింగపూర్‌లో వేరే సర్వర్ కూడా పెట్టారు. మా వాళ్ళలో ఒకడు గుంటూరు నుంచి బెజవాడ ఆఫీసుకి వెళ్ళే ప్యాసింజర్ రైల్లో ఖనిజం తవ్వుకుంటూ వెళ్తాడు, మంగళగిరి దగ్గర సిగ్నల్ పోతే తిట్టుకుంటాడు. ఇక రయట్. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌కి వాళ్ళు ఒకప్పుడు పెట్టిన కనీస అవసరం కోర్ 2 డ్యుయో అనే పాత ప్రాసెసర్, విడిగా కార్డే అక్కర్లేదు, ప్రాసెసర్‌తోపాటు వచ్చే ఇంటెల్ హెచ్‌డీ 4000 చాలు 30 ఎఫ్‌పీఎస్‌కి. డొక్కు మిషన్లున్నవాళ్ళని లోపలికి రానిస్తే ఎంత జనం వస్తారో ఆ కంపెనీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. మూడింటిలో అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేదాని మీద నాకు ఎక్కువ ఆశ ఉండటానికి కారణం అదే. ఫోన్‌లో కూడా నడవాలి కాబట్టి అయాన్ 2 మీదా కొంత నమ్మకముంది. ఫోన్‌లో నడిచే గేమ్ పీసీలో మరీ గొంతెమ్మ కోరికలు కోరదు. ఎంత కోరుతుందన్నది మనకి వచ్చిన రోజున రద్దీలో చూడాలి.

అందుకే మా తమ్ముడికి ప్రస్తుతానికి చెప్పింది ఇంతే. కార్డు కోసం ల్యాప్‌టాప్ మార్చొద్దు, మారిస్తే ప్రాసెసర్ చూసి మార్చు. రెండో ర్యామ్ స్టిక్ ఈ ధరలో ఇప్పుడే కొనొద్దు. అయాన్ 2 ఇక్కడ తెరిచిన వారం వాడి మిషన్ మీదే ఎక్కించి, రాత్రి తొమ్మిదింటికి జనం ఉన్న ఊళ్ళో నిలబడి, పక్కవాళ్ళని ఎంతమందిని చూపించాలన్న సెట్టింగ్‌ని అడుగుకి లాగి చూస్తాం. అప్పటికీ ముప్ఫై నిలబడకపోతే ర్యామ్ డబ్బుల్లో సగం నేను పెడతానని మాటిచ్చాను. వాడు ఆ మాట గ్రూపులో కూడా రాయించుకున్నాడు.